ఒపెల్ కోర్సాలో ట్యాపెట్ శబ్దం: ఆయిల్ మందుతో పోతుందా, విప్పాల్సిందేనా?

బెజవాడ కోర్సా:
మా ఇంట్లో 2002 నాటి కోర్సా 1.6 పెట్రోల్ ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగంలో, హెడ్ దగ్గర టిక్ టిక్ మని మొదలవుతుంది. ఇదివరకు కాసేపటికి ఆగేది. ఇప్పుడు ఇంజన్ వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా వినిపిస్తోంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఆయిల్లో డబ్బా మందు పోస్తే పోతుందంటున్నారు. ఇంకొకాయన హెడ్ దించి ఎనిమిది ట్యాపెట్లూ మార్చాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలండీ?

పాతబండి:
హెడ్ జోలికి వెళ్లకండి. ఒపెల్ మన దేశం వదిలి ఇరవై ఏళ్లవుతోంది. సామాను కోసం బండి షెడ్డులో నెలల తరబడి పడి ఉంటుంది. ఇంజన్ లోపల కడిగే ఫ్లషింగ్ చేయించి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించండి. మన ఎండలకు చిక్కటి ఆయిలే మేలు. మా డేవూ సియెలో కారులో శబ్దం అలాగే పోయింది.

రాకర్ ఆర్మ్:
పాతబండి గారూ, సియెలోదీ ఒపెల్ వంశపు ఇంజనే కాబట్టి మీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కానీ మీ బండిలో శబ్దం ఎప్పుడు వచ్చేదో చెప్పలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

క్యామ్ అంటే గుబ్బలున్న షాఫ్ట్. అది రాకర్ అనే మీటను నొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ మీట రెండో చివర ఆనుకునే చిన్న ముక్కే ట్యాపెట్. హైడ్రాలిక్ ట్యాపెట్ లోపల చిన్న ప్లంజర్, దాని కింద ఆయిల్ గది, ఆ ఆయిల్ వెనక్కి పోకుండా ఒక చెక్ బాల్ ఉంటాయి. రాకర్‌కూ క్యామ్‌కూ మధ్య సందు రాకుండా చూసేది ఆ గదిలోని ఆయిలే. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు, తెరుచుకుని ఉన్న వాల్వుల స్ప్రింగులు నొక్కుతుంటే కొంత ఆయిల్ కారిపోతుంది. అందుకే పొద్దున కొన్ని సెకన్లు చప్పుడు రావడం రోగం కాదు. దానికి మందులూ వద్దు, మెకానిక్కూ వద్దు.

వేడెక్కాక ఐడిల్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, వస్తోందంటే వేరే లెక్క. ఆయిల్ పలచబడుతుంది, ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అప్పుడే ప్రెషర్ బాగా తక్కువ. అరిగిన ప్లంజర్ ఆ సమయంలోనే దొరికిపోతుంది. అయితే పంపు గానీ బేరింగులు గానీ అరిగి ప్రెషర్ పడిపోయినా ఇదే చప్పుడు వస్తుంది! అందుకే ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ చోట గేజ్ బిగించి, వేడి ఇంజన్ మీద కొలిపించాలి. ఆ అంకె చూడకుండా చిక్కటి ఆయిల్ పోస్తే, బేరింగ్ పోతున్న ఇంజన్ కూడా కొన్నాళ్లు నిశ్శబ్దంగా తిరుగుతుంది. నాకు భయం అక్కడే.

అంతకంటే ముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువైనా చప్పుడే. మరీ ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ట్యాపెట్లోకి గాలి చేరుతుంది. పొగ గొట్టం హెడ్‌కు అతికే చోటి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా దాదాపు ఇలాగే వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్ కవర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి ఒక్కో చోటా వింటే ఎక్కడిదో తెలిసిపోతుంది.

పాతబండి:
మాదీ వేడి మీదే వచ్చేదండీ. ప్రెషర్ మాట ఒప్పుకుంటాను. ప్రెషర్ బాగుంటే మాత్రం ఫ్లషింగ్ చేయించడంలో తప్పేముంది? ఖర్చు తక్కువ, పోతే పోయింది.

రాకర్ ఆర్మ్:
హెడ్ కవర్ విప్పి చూడండి. లోపల శుభ్రంగా ఉంటే ఫ్లషింగ్ వల్ల ఒరిగేదేమీ లేదు. నల్లటి మడ్డి పేరుకుని ఉంటే, అది ఒక్కసారిగా ఊడి సంపులో, అంటే అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, స్ట్రైనర్ జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు ట్యాపెట్లతో పాటు క్రాంక్‌కూ ఆయిల్ అందదు. మడ్డి ఉన్న ఇంజన్‌కు మాన్యువల్లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోసి, మామూలు కంటే త్వరత్వరగా ఆయిలూ ఫిల్టరూ మార్చడమే సరైన పని. కొన్ని షెడ్లలో డీజిల్ పోసి ఇంజన్ తిప్పుతారు. దానికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి.

హెడ్ దించాలన్న మాట కూడా తప్పే. ఈ ఇంజన్‌లో క్యామ్ హౌసింగ్‌ను పట్టుకునేది హెడ్ బోల్టులే. అది విప్పితే కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు తప్పవు. వాల్వ్ స్ప్రింగ్‌ను పైనుంచి నొక్కే టూల్ ఉంటే క్యామ్ హౌసింగ్ విప్పకుండానే రాకర్ పక్కకు జరిపి ట్యాపెట్ తీసేయొచ్చు. నొక్కేటప్పుడు ఆ సిలిండర్ పిస్టన్ పైకొచ్చి ఉండకూడదు. టూల్ లేని షెడ్డులో ఈ పని చేయించకండి.

బెజవాడ కోర్సా:
స్క్రూడ్రైవర్‌తో విన్నాను. మూడో సిలిండర్ దగ్గరే గట్టిగా ఉంది. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది. ప్రెషర్ రేపు చూపిస్తాను. బాగుంటే అక్కడి రెండే మార్చమంటారా?

రాకర్ ఆర్మ్:
ప్రెషర్ బాగుంటే ఎనిమిదీ మార్చండి. అన్నీ ఒకే వయసువి, కవర్ ఎలాగూ విప్పుతున్నారు. డబ్బు ఇబ్బందైతే ఆ రెండే మార్చండి, మిగతావాటిని కదిలించవద్దు. దుకాణానికి పాత ట్యాపెట్ చేత్తో పట్టుకెళ్లి, కొత్తదాని పక్కన పెట్టి కొలిచాకే కొనండి. రాకర్ మీద క్యామ్ రాసుకునే చోట గుంట పడి ఉంటే రాకర్ కూడా మార్చాలి. బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించి, అప్పుడు స్టార్ట్ చేయమనండి. మొదట కాసేపు చప్పుడు చేస్తాయి. గాలి పోయేదాకా రేస్ చేయనివ్వకండి.

ప్రెషర్ తక్కువ వస్తే ఇవేమీ కొనకండి. ముందు సంపు విప్పించి స్ట్రైనర్, పంపు, బేరింగులు చూపించండి. అప్పటిదాకా బండి నడపకండి.