గదికో రకం ఫ్లోరింగ్ వేయాలనుకుంటున్నాం, సలహా ఇవ్వండి

నమస్తే అండీ. ఇంటి పని దాదాపు అయిపోయింది, ఫ్లోరింగ్ దగ్గర ఆగిపోయాం. మేస్త్రీ రోజూ అడుగుతున్నాడు, నాకేమో టెన్షన్.

హాల్లో మార్బుల్ వేద్దామని ఇంట్లోవాళ్ల కోరిక. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దాని మీద పులుపు పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, అందుకే వంటగదికి మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. అక్కడ విట్రిఫైడ్ టైల్స్ అనుకుంటున్నా. అవి పీల్చుకునే నీరు 0.5 శాతం లోపే కాబట్టి మరకల గొడవ తక్కువ. సందులే నల్లబడతాయి. ఆ సందులు నింపడానికి ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్ మిశ్రమం) వేయించినవాళ్లుంటే, కొన్నేళ్ల తర్వాత ఎలా ఉందో చెప్తారా?

అసలు భయం బాత్రూమ్ గురించే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నున్నటి టైల్ ప్రసక్తే లేదు. జారకుండా ఉండే రేటింగ్ ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. తీరా చూస్తే అది బూట్లతో నడిపించి చేసే పరీక్షట! తడి నేల మీద వట్టి కాళ్లకి ఏ, బీ, సీ అని వేరే తరగతులున్నాయి. మీరు దేన్ని చూసి కొన్నారు? మరీ గరుకైతే మురికి పట్టేసి కడగడం కష్టమవుతుందా?

పడకగదికి లామినేట్ (చెక్కపొడిని అదిమి చేసే పలకలు) నచ్చింది గానీ, సందుల్లోకి నీళ్లు దిగితే ఉబ్బుతుంది. మేమేమో రోజూ తడిగుడ్డ పెట్టేవాళ్లం. ఎస్పీసీ వినైల్‌కి (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు) ఆ బాధ లేదు, కానీ మా గదిలో ఎండ నేరుగా పడుతుంది, వేడికి పాడవుతుందేమోనని భయం. అలాంటిచోట వాడినవాళ్లున్నారా?

ఇంకోటి, మందాలు వేరైనప్పుడు గుమ్మాల దగ్గర ఎత్తుపల్లాలు రాకుండా ఏం చేశారు?