స్టాక్ పడిపోతే ముందు రీబూట్ చేయాలా, లాగ్ తీయాలా?

రాత్రిషిఫ్ట్:
నేను చూసే చోట సిస్కో 3750 స్విచ్‌లు (కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెలు) నాలుగు ఒకే స్టాక్‌గా ఉన్నాయి, అంటే వెనక కేబుళ్లతో రింగ్‌లా కలిపితే నాలుగూ ఒకే స్విచ్‌లా నడుస్తాయి. బయటి నెట్‌వర్క్‌కు వెళ్లే అప్‌లింక్ ఒకటో స్విచ్‌లో ఉంది. ఒక రాత్రి సగం భవనానికి నెట్ పోయింది. సీనియర్ వచ్చీ రాగానే నాలుగిటికీ పవర్ తీసి పెట్టారు, పది నిమిషాల్లో అంతా లేచింది. మూడో రోజు మళ్లీ అదే గొడవ, మళ్లీ అదే వైద్యం. తర్వాత లాగ్ (స్విచ్ తన ర్యామ్‌లో రాసుకునే సంఘటనల చిట్టా, పవర్ తీస్తే చెరిగిపోతుంది) తెరిస్తే 1993 మార్చి 1 తేదీతో బూట్ మెసేజ్‌లు తప్ప ఏమీ లేవు. గడియారం సెట్ చేయని స్విచ్ ఆ తేదీ నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఎంత తొందరున్నా లాగ్ తీయకుండా పవర్ ముట్టుకోకూడదని నా వాదన. మీరేమంటారు?

గుంటూరునెట్:
తమ్ముడూ, మీ సీనియర్‌ది తప్పని నేననను. కౌంటర్ దగ్గర జనం బారులు తీరి ఉంటే లాగ్ చదువుతూ కూర్చుంటామా? ముందు పని నడవాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. నేను చూసినంతవరకు స్టాక్ గొడవల్లో ఎక్కువ భాగం కేబులే. వెనక్కి వెళ్లి ఊడదీసి, స్క్రూలు గట్టిగా బిగిస్తే సరిపోతుంది. పైగా స్టాక్ విడిపోతే, మాస్టర్ (స్టాక్ మొత్తాన్ని నడిపే స్విచ్) లేని ముక్కలో కొత్త మాస్టర్ వస్తుంది. దాని లాగ్‌లో పాత సంగతులు ఏముంటాయి?

రాత్రిషిఫ్ట్:
చదవమనట్లేదు అన్నా, తీసి పెట్టుకోమంటున్నా. పుట్టీలో (స్విచ్‌కు కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) సెషన్ సేవ్ ఆన్ చేసి ‘షో లాగింగ్’, ‘షో స్విచ్’, ‘షో స్విచ్ స్టాక్-పోర్ట్స్’ కొడితే రెండు నిమిషాల పని. మూడోసారి పడిపోయినప్పుడు అదే చేశాను. అప్పటికే గడియారం సరిచేసే ఎన్‌టీపీ పెట్టి, లాగ్ బఫర్ (లాగ్ దాచే చోటు) 64000 బైట్లకు పెంచి ఉంచాను. మామూలుగా ఉండే 4096 బైట్లయితే యూజర్ పోర్ట్‌ల అప్-డౌన్ మెసేజ్‌లకే నిండిపోయేది.

మూడో స్విచ్ కన్సోల్‌లో (నేరుగా కేబుల్ పెట్టి స్విచ్‌ను చూసే పోర్ట్) మీరన్నట్టే కొత్త మాస్టర్, కొత్త లాగ్. కానీ ఒకటో స్విచ్ పాత మాస్టర్, అది ఇంకా బతికే ఉంది కదా! దాని లాగ్‌లో కథంతా ఉంది. నాలుగుకీ ఒకటికీ మధ్య లింక్ నాలుగు రోజుల ముందే డౌన్ అయి, మళ్లీ లేవలేదు. రింగ్ తెగినా స్టాక్ నడుస్తుంది, బ్యాండ్‌విడ్త్ సగమవుతుందంతే. అందుకే ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి రెండుకీ మూడుకీ మధ్య లింక్ కూడా పోయింది, స్టాక్ రెండు ముక్కలైంది.

మీరు చెప్పినట్టు వదులైన కేబుల్ బిగిస్తే నెట్ వచ్చేసేది. నాలుగు రోజులుగా చచ్చిపోయి ఉన్న రెండో కేబుల్ మాత్రం అలాగే ఉండిపోయేది. అసలు జబ్బు అదే.

ఎన్‌వోసీడెస్క్:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. విడిపోయిన ముక్కలు మళ్లీ కలిసినప్పుడు ఇద్దరు మాస్టర్లలో ఒకటే మిగులుతుంది, ఓడిన మాస్టర్ వైపు స్విచ్‌లు వాటంతట అవే రీలోడ్ అవుతాయి. మీరు పవర్ ముట్టుకోకపోయినా వాటి ర్యామ్‌లో ఉన్న లాగ్ పోయినట్టే. అందుకే లాగ్ మెసేజ్‌లు అందుకుని దాచే సిస్‌లాగ్ సర్వర్ బయట తప్పనిసరి అంటాను.

రాత్రిషిఫ్ట్:
సర్వర్ ఉండాల్సిందే, కాదనను. కానీ అప్‌లింక్ ఒకటో స్విచ్‌లో ఉంటే మూడు, నాలుగు స్విచ్‌ల మెసేజ్‌లు విడిపోయాక సర్వర్‌కు చేరవండి. అదీ చేరిందో లేదో జవాబు రాని యూడీపీ పద్ధతిలో, 514 పోర్ట్ మీదే పంపితే, చేరలేదన్న సంగతి కూడా మనకు తెలియదు. ఆ సమయంలో కన్సోల్ కేబులే దిక్కు.

ఎన్‌వోసీడెస్క్:
అది నిజం. కొత్త సిస్కో 9300 స్విచ్‌లైతే ‘షో లాగింగ్ ఆన్‌బోర్డ్’ చూడండి, రీలోడ్ కారణాలు పవర్ పోయినా నిలిచి ఉంటాయి. పాత స్టాక్‌లకు మాత్రం మీ పద్ధతే.

గుంటూరునెట్:
సరే, రెండు నిమిషాలకు ఒప్పుకుంటున్నా. కానీ మూడో నిమిషంలో పవర్ తీస్తా, ఎవరు ఆపినా ఆగను.

రాత్రిషిఫ్ట్:
తీయండి అన్నా, కానీ నాలుగిటికీ వద్దు. ఒకటి, రెండు స్విచ్‌ల మీద ఉన్నవాళ్ల పని ఆ రాత్రి బాగానే నడుస్తోంది. ముందు కేబుల్ సరిచేసి, రింగ్ కలిశాక కూడా లేవని స్విచ్‌కు మాత్రం మాస్టర్ నుంచి ‘రీలోడ్ స్లాట్ 3’ అని కొట్టండి.