పాత ఆల్టోలో బ్లూటూత్ పెట్టాను: పాట వస్తోంది, ఫోన్ మాట రావట్లేదు

ఏడీబీ_రోడ్డు (శనివారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఐదింటికి కారులో కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర దాటింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి భోజనానికి పిలిచి వెళ్లిపోయింది. తల వేడెక్కిపోయింది. కారులో టేప్‌కి బ్లూటూత్ పెట్టాను. పాటలు శుభ్రంగా వస్తున్నాయి. ఫోన్ వస్తే మాత్రం పాట ఆగిపోతుంది, ఎత్తాక అంతా నిశ్శబ్దం. అవతలివాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకి వెళ్లదు. కట్ చేయగానే పాట మళ్లీ మొదలవుతుంది. పెయిరింగ్ తీసేసి మళ్లీ చేయడం పది పన్నెండుసార్లు అయ్యింది. ఫోన్ ఆపి వేశాను. చివరికి బ్యాటరీ టెర్మినల్ కూడా ఊడదీసి పెట్టాను.

రోజూ కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్లొస్తాను. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ రోజుల్లో తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తాడు. అది ఎత్తకుండా ఉండలేను. సోమవారం పొద్దున్నకి ఇది పనిచేయాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

రెండు_ముక్కలు (రాత్రి 11:52)

ఏ కారు? ఏ స్టీరియో? బ్లూటూత్ దేనితో పెట్టారు? ఇవేవీ రాయలేదు.

డాలస్_పెద్దాపురం (రాత్రి 12:15)

టేప్ అన్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో 2003 క్యామ్రీ కొన్నాను, అందులో క్యాసెట్ డెక్ ఉండేది. అచ్చం క్యాసెట్‌లా ఉండే అడాప్టర్ దొరుకుతుంది, పక్కనుంచి సన్నటి వైరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. లోపల టేపు ఉండదు. డెక్‌లో టేపుని చదివే హెడ్ ఉంటుంది కదా, సరిగ్గా దానికి ఎదురుగా అడాప్టర్‌లో ఇంకో చిన్న హెడ్ ఉంటుంది. పాట సిగ్నల్ అయస్కాంత క్షేత్రంగా మారి ఇటునుంచి అటు వెళ్తుంది. డెక్‌కి మాత్రం నిజంగా టేపే తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆటో రివర్స్ ఉన్న డెక్ అయితే ఒక్కోసారి 'సైడ్ అయిపోయింది' అనుకుని ఊరికే తిప్పేస్తుంది. నాకు అదే జరిగేది. అప్పుడు అడాప్టర్ మార్చి చూసుకోవాలి. వైరు చివర మైక్ ఉన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే ఫోన్ కూడా మాట్లాడుకోవచ్చు. నాలుగేళ్లు అలాగే నడిపాను.

ఏడీబీ_రోడ్డు (ఆదివారం, ఉదయం 6:30)

రాత్రి నిద్రపోయాను, క్షమించండి. డాలస్ అన్నగారూ, ఇది క్యాసెట్ కాదండి, సీడీ పెట్టేది. కారులో పాడే దేన్నయినా మా ఇంట్లో టేప్ అనే అంటాం. ఆల్టో, 2008 బండి, నేను మూడో ఓనర్‌ని. స్టీరియో ముందు ఓనరు వేయించారు. ముందు భాగంలో ఆక్స్ అని చిన్న రంధ్రం ఉంది. అగ్గిపెట్టెంత బ్లూటూత్ డబ్బా కొని దానికి గుచ్చాను. లోపల మైక్ ఉందని అట్ట మీద రాసి ఉంది. ఫోన్ ఆండ్రాయిడ్.

దీనికి ముందు సిగరెట్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ వాడాను. ఊరు మారేసరికి ఏదో ఒక స్టేషన్ దాని మీద పడి గరగరమనేది. విసుగొచ్చి తీసేశాను.

తీగల_పని (ఉదయం 7:05)

టేప్, డెక్, స్టీరియో, సిస్టమ్ అని తలా ఒక మాట వాడటం వల్లే సగం సాయం తప్పుదారి పడుతుంది. టేప్ అంటే టేపు తిరిగేది. మీది ఆక్స్ ఉన్న సీడీ స్టీరియో. షాపుకి వెళ్లినా ఇలాగే చెప్పండి. లేకపోతే మీకు అక్కర్లేని వస్తువు చేతిలో పెడతారు.

ఇక అసలు సంగతి. 'బ్లూటూత్ ఉంది' అన్నంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు. పాటని మోసే పద్ధతి వేరు, దాన్ని ఏ2డీపీ అంటారు. ఫోన్ మాటని అటూ ఇటూ మోసేది హెచ్ఎఫ్‌పీ. పాట ముందుకీ వెనక్కీ జరిపే బటన్లకి ఏవీఆర్‌సీపీ. చవకగా దొరికే యూఎస్‌బీ డాంగిల్స్ చాలావాటిలో పాట పద్ధతి ఒక్కటే ఉంటుంది, మైక్ ఉండదు. వాటితో ఫోన్ వస్తే మాట ఫోన్‌లోనే వినపడుతుంది. మీ డబ్బాలో మైక్ ఉందంటున్నారు కాబట్టి రెండూ ఉండాలి. సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయిన డివైస్ పేరు పక్కన పళ్లచక్రం బొమ్మ నొక్కితే 'ఫోన్ కాల్స్', 'మీడియా' అని రెండు స్విచ్‌లు ఉంటాయి. కాల్స్ స్విచ్ ఆన్‌లో ఉందా? ఇంకొకటి, మాట రానప్పుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చూశారా?

ఏడీబీ_రోడ్డు (ఉదయం 7:20)

రెండు స్విచ్‌లూ ఆన్‌లోనే ఉన్నాయండి. చెవి దగ్గర పెట్టుకున్నా ఏమీ వినపడదు. కాల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది.

పాత_బండే_ముద్దు (ఉదయం 8:10)

తమ్ముడూ, నా మాట విను. ఈ డబ్బాలు, వైర్లు, చార్జర్ల గొడవ మానేసి స్టీరియోనే మార్చెయ్యి. నా బండిలో రెండేళ్ల కిందట 2,800 పెట్టి బ్లూటూత్ ఉన్న స్టీరియో వేసుకున్నాను, ఇప్పటిదాకా మళ్లీ దాని జోలికి పోలేదు. ముందు స్కేలు పెట్టి డ్యాష్‌బోర్డులో రంధ్రం కొలువు. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 ఉంటే సింగిల్ డిన్. ఎత్తు 100 ఉంటే డబుల్ డిన్. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు, ఆ కొలత అక్కడి నుంచి వచ్చిందే.

బిగించేటప్పుడు మూడు తీగలు గుర్తుపెట్టుకో. కొత్త స్టీరియోతో వచ్చే పసుపు తీగకి తాళం తీసేసినా కరెంటు ఉండాలి. ఎరుపుకి తాళం తిప్పితేనే రావాలి. నలుపు బాడీకి. పసుపుని తాళం తిప్పితే వచ్చేదానికి కలిపారంటే బండి ఆపిన ప్రతిసారీ పెట్టుకున్న స్టేషన్లన్నీ మర్చిపోతుంది. ఎరుపుని ఎప్పుడూ ఉండే కరెంటుకి కలిపితే స్టీరియో ఆపడం మర్చిపోయిన రోజున తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. రంగుల పోలిక కొత్త స్టీరియోతో వచ్చే తీగల జడ వరకే. కారు లోపలి తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి. మీటరు పెట్టి చూడకుండా కలపొద్దు. స్పీకర్ల మైనస్ తీగని మాత్రం చచ్చినా బాడీకి కలపకు. ఇప్పటి స్టీరియోల్లో ఆ తీగ కూడా ఆంప్లిఫయర్ నుంచే వస్తుంది, బాడీకి తగిలితే లోపల చిప్ పోతుంది. నా మొదటిది అలాగే పోయింది. ఒక షాపులో కుర్రాడు రెండు స్పీకర్ల మైనస్‌లు కలిపి మెలేసి బాడీ స్క్రూ కింద పెట్టాడు. గంటలో కాలిన వాసన.

మైక్ విడిగా వైరుతో వచ్చే మోడల్ తీసుకో. అద్దం పక్క స్తంభానికి, సన్ వైజర్ దగ్గర అంటించు. స్టీరియోలోనే మైక్ ఉన్నవాటిలో మన మాట కన్నా ఏసీ గాలే ఎక్కువ వినపడుతుంది.

తీగల_పని (ఉదయం 8:25)

అన్నా, మీరు చెప్పిందంతా నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదు. ఉన్న డబ్బాతో పాట వస్తోంది, అంటే తీగలు బాగానే ఉన్నాయి. స్టీరియో మార్చినా ఫోన్ వైపు తప్పు ఉంటే అది అలాగే ఉంటుంది.

పాత_బండే_ముద్దు (ఉదయం 8:31)

ఫోన్ వైపు తప్పు అని ఎలా చెబుతున్నావు? డబ్బా చవకది అయ్యుంటుంది. అట్ట మీద మైక్ అని రాసినంత మాత్రాన లోపల ఉండాలని ఏముంది?

తీగల_పని (ఉదయం 8:40)

డబ్బాలో కాల్ పద్ధతి లేకపోతే మాట ఫోన్‌లో వినపడాలి. అక్కడా లేదు, డబ్బాలోనూ లేదు. మరి మాట ఎక్కడికో పోతోంది కదా. ఆ ఎక్కడికో తెలియాలి.

నెమ్మదిగా_వెళ్దాం (ఉదయం 9:15)

అందరూ తీగల గురించే మాట్లాడుతున్నారు. దయచేసి ఒక్క మాట వినండి. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019 సవరణ తర్వాత ఫోన్ సంగతి స్పష్టంగా ఉంది. మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, కోర్టు రెండూ వేయవచ్చు. జరిమానా పక్కన పెట్టండి. పోయిన సంక్రాంతికి నేను ఇలాగే చెవిలో పెట్టుకుని మా చెల్లెలితో మాట్లాడుతూ నడుపుతున్నాను. చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ముందు గడ్డి ట్రాక్టరు, వెనక లైటు లేదు. గడ్డి మొత్తం అద్దం నిండా కనిపించాక గానీ నాకు తెలియలేదు. పక్క సీటులో మా అబ్బాయి అరిచాడు కాబట్టి బ్రేకు పడింది. కళ్లు దాని మీదే ఉన్నాయి, మనసు చెల్లెలి దగ్గర ఉంది. బండి పక్కకి ఆపి మాట్లాడండి.

పాత_బండే_ముద్దు (ఉదయం 9:30)

చట్టంలో ఉన్నది చేత్తో పట్టుకుని వాడే పరికరం గురించి. ఈయన అడిగేది హ్యాండ్స్‌ఫ్రీ. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

నెమ్మదిగా_వెళ్దాం (ఉదయం 9:38)

హ్యాండ్స్‌ఫ్రీ అంటే చేతులు ఖాళీ అని. బుర్ర ఖాళీగా ఉంటుందని ఎవరూ అనలేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు కూడా మాది హ్యాండ్స్‌ఫ్రీ అనే అంటున్నారు. చెవులు మూసుకుంటే వెనక హారన్ కూడా వినపడదు.

పాత_బండే_ముద్దు (ఉదయం 9:44)

ఇయర్‌ఫోన్‌ని దీనితో కలపకండి. స్టీరియోలో వస్తే చెవులు తెరిచే ఉంటాయి, పక్కవాళ్లతో మాట్లాడినట్టే.

నెమ్మదిగా_వెళ్దాం (ఉదయం 9:52)

పక్కన కూర్చున్న మనిషికి రోడ్డు కనిపిస్తుంది, మలుపు వస్తే తనే మాట ఆపుతాడు. ఫోన్‌లో ఉన్నవాళ్లకి మన ఎదురుగా ఏముందో తెలియదు కదండీ.

ఏడీబీ_రోడ్డు (ఉదయం 10:05)

మీ మాట నాకు గుర్తుంటుంది అక్కా. ఆసుపత్రి ఫోన్ అయితే ఆపే మాట్లాడతాను. కానీ అది ఎవరి ఫోనో తెలియడానికే జేబులోంచి తీసి చూస్తున్నాను, ఆ పని మానాలనే ఇదంతా.

రెండు_ముక్కలు (ఉదయం 10:20)

కాల్‌లో ఉన్నప్పుడు స్క్రీన్ మీద స్పీకర్ బొమ్మ నొక్కండి. వరసగా ఏ పేర్లు వస్తున్నాయో ఇక్కడ రాయండి.

ఏడీబీ_రోడ్డు (ఉదయం 10:48)

తమ్ముడి చేత ఫోన్ చేయించి చూశాను. ఫోన్ అని ఒకటి, స్పీకర్ అని ఒకటి, డబ్బా పేరు, ఇంకా మా వాచీ పేరు. టిక్ వాచీ దగ్గర ఉంది.

రెండు_ముక్కలు (ఉదయం 10:50)

వాచీ ఉందని ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు ఎక్కడుంది?

ఏడీబీ_రోడ్డు (ఉదయం 10:58)

పిల్లలు పుట్టినరోజుకి కొనిచ్చారు. చేతికి దురద పెడుతోందని నెల కిందట తీసేశాను. ఆఫీసు బ్యాగులో ఉంది, బ్యాగు డిక్కీలో ఉంది. చార్జింగ్ వైరు బ్యాగులోనే ఉంది కాబట్టి ఆఫీసులో అప్పుడప్పుడు పెడుతూ ఉంటాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదండి.

తీగల_పని (ఉదయం 11:10)

అదే! మాట డిక్కీలో బ్యాగులోకి పోతోంది. ఫోన్ చేసినవాళ్లు వింటున్నది కూడా ఆ బ్యాగులో వాచీ మైక్‌నే. కాల్ మాట్లాడే వాచీలు చాలావరకు బ్లూటూత్ లిస్టులో రెండుసార్లు కనిపిస్తాయి, నోటిఫికేషన్లకి ఒకటి, కాల్స్‌కి ఒకటి. పాట వాచీ తీసుకోదు కాబట్టి అది సరిగ్గా కారులోకే వచ్చింది. ఫోన్ మాట మోసేవి రెండు కనిపించేసరికి మీ ఫోన్ వాచీని పట్టుకుంది. ఏది ముందు పట్టుకోవాలన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది. వాచీ పేరు పక్కన పళ్లచక్రం నొక్కి 'ఫోన్ కాల్స్' ఆపేయండి. మెసేజ్‌లు మామూలుగానే వస్తాయి. పెయిరింగ్ తీసేయక్కర్లేదు.

ఏడీబీ_రోడ్డు (ఉదయం 11:35)

వచ్చిందండీ! తమ్ముడి మాట నాలుగు స్పీకర్లలో వచ్చింది. నాన్నగారు కూడా మాట్లాడారు. ఆయన గొంతు కొంచెం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది గానీ ప్రతి మాటా అర్థమైంది.

తీగల_పని (ఉదయం 11:42)

ఫోన్ మాటకి బ్లూటూత్ తక్కువ బ్యాండ్‌విడ్త్ వాడుతుంది, అంటే గొంతులో కొంత భాగాన్నే మోస్తుంది, పాటంత నిండుగా రాదు. అది తప్పు కాదు. మీ డబ్బా గేరు దగ్గర కింద పడి ఉంటే మాత్రం పొడుగు ఆక్స్ వైరు కొని స్టీరింగ్ పక్కకి, నోటికి దగ్గరగా తెచ్చుకోండి.

ఏడీబీ_రోడ్డు (సోమవారం, రాత్రి 9:15)

ఇవాళ వెళ్లొచ్చాను. ఫోన్ బాగానే పనిచేసింది, రెండుసార్లు పక్కకి ఆపి మాట్లాడాను. ఒక కొత్త సంగతి. పాట తక్కువ సౌండులో ఉన్నప్పుడు సన్నగా కీచుమని వస్తోంది. ఎక్సలేటర్ తొక్కితే ఆ కీచు పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆదివారం ఇంజిన్ వేయలేదు కాబట్టి తెలియలేదు.

తీగల_పని (రాత్రి 9:40)

డబ్బాకి కరెంటు సిగరెట్ సాకెట్ చార్జర్ నుంచే ఇస్తున్నారా? అయితే అది ఆల్టర్నేటర్ రొద, అంటే ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే దాని రొద. చార్జర్ ద్వారా ఒక ఎర్త్, ఆక్స్ వైరు ద్వారా ఇంకో ఎర్త్, రెండు దారులూ కలిసి చుట్టు తిరిగేసరికి ఆ రొద పాటలోకి వస్తుంది. ముందు డబ్బాని పవర్ బ్యాంకుకి తగిలించి నడిపి చూడండి. కీచు పోతే కారణం అదే. అప్పుడు ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న ముక్క పెడితే సరిపోతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట వెళ్తుంది, ఎర్త్ కలవదు. పోకపోతే స్టీరియో ఎర్త్ స్క్రూ తుప్పు పట్టిందేమో చూడాలి.

పాత_బండే_ముద్దు (రాత్రి 9:55)

స్టీరియో మార్చమని మొదటే చెప్పాను. బ్లూటూత్ లోపలే ఉంటే ఈ రెండో ఎర్త్ గొడవే ఉండదు.

తీగల_పని (రాత్రి 10:02)

ఈ మాట ఒప్పుకుంటాను అన్నా.

ఏడీబీ_రోడ్డు (మంగళవారం, ఉదయం 6:10)

సరే అండి, పవర్ బ్యాంకు పిల్లల దగ్గర ఉంది, తీసుకుని చూస్తాను. ఇవాళ నాన్నగారిని నేనే తీసుకెళ్తున్నాను. అందరికీ థాంక్స్.

తీగల_పని (శుక్రవారం, రాత్రి 8:30)

పవర్ బ్యాంకుతో చూశారా? కీచు పోయిందో లేదో ఒక్క ముక్క రాయండి. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు నన్ను విడిగా అడిగారు. నాన్నగారు ఎలా ఉన్నారు?