సొంత టవర్ లేని చవక ప్రీపెయిడ్ కంపెనీ: నిజంగా ఎదుగుతుందా, అమ్మకానికి ముస్తాబవుతుందా?

సిమ్‌ట్రే:
అమెరికాలో చవక ప్రీపెయిడ్ కంపెనీలు ఎక్కడ తేలాయో చూడండి. మెట్రోపీసీఎస్ 2013లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. క్రికెట్ 2014లో ఏటీ అండ్ టీ చేతికి వెళ్లింది. ట్రాక్‌ఫోన్‌ను 2021 నవంబరులో వెరిజాన్ తీసుకుంది. మింట్ మొబైల్ 2024 మే 1న టీ-మొబైల్ సొంతమైంది, ఆ బేరం గరిష్ఠంగా 135 కోట్ల డాలర్లు. నా వాదన ఒకటే: పక్కవాడి నెట్‌వర్క్ మీద నిమిషాలు, డేటా టోకున కొని చిల్లరగా అమ్మే ఎంవీఎన్ఓ కొంతదూరం వేగంగానే పెరుగుతుంది. ఆ తర్వాత టవర్ ఉన్నవాడు చెప్పిన ధరకి తలవంచాల్సిందే. కాదనేవాళ్లు లెక్క చూపించండి.

చర్న్‌లెక్క:
మీ జాబితాలోనే చిక్కుంది. మెట్రో, క్రికెట్ రెండింటికీ సొంత స్పెక్ట్రమ్, సొంత నెట్‌వర్క్ ఉన్నాయి. 2010లో లాస్ వేగాస్‌లో ఎల్టీఈ (4జీ) మొదలుపెట్టింది మెట్రోనే, పెద్దవాళ్లకంటే ముందు. అయినా కలిసిపోక తప్పలేదు. కాబట్టి రోగం టవర్‌లో లేదు, చర్న్‌లో ఉంది, అంటే నెలనెలా కస్టమర్లు వదిలిపోవడంలో.

ఊహకి ఒక లెక్క. ఒక కస్టమర్‌ని తెచ్చుకోడానికి ప్రకటన, సిమ్ కిట్, పోస్టేజీ, మొదటి ఆఫర్ అన్నీ కలిపి 60 డాలర్లు అయ్యాయనుకోండి. టోకు బిల్లు, పన్నులు, కస్టమర్ కేర్ పోను నెలకి 5 డాలర్లు మిగులుతాయనుకోండి. ఎవరూ వదిలిపోకపోతే 12 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. నెలకి 1 శాతం పోతే 13 నెలలు. 4 శాతం పోతే 16 నెలలు పడుతుంది, అప్పటికి వందమందిలో 52 మందే మిగులుతారు. అదే 6 శాతమైతే 21 నెలలు, మిగిలేది 27 మంది. పోస్ట్‌పెయిడ్‌లో పెద్ద క్యారియర్లకు ఈ శాతం 1 అటూ ఇటూ ఉంటుంది, ప్రీపెయిడ్‌లో దానికి మూడింతలు మామూలే. చేరినవాళ్ల సంఖ్య ఎంత ఘనంగా చెప్పినా, వదిలినవాళ్లని తీసేసి చూడకపోతే అది ఎదుగుదల కాదు.

కోర్‌నెట్:
చర్న్ సరే, కానీ అది ఎందుకొస్తుందో చెప్పలేదు మీరు. సగం కారణం క్యూసీఐ. టవర్ మీద రద్దీ ఉన్నప్పుడు ఎవరి డేటా ముందు పంపాలో చెప్పే తరగతి అది, అంకె పెరిగితే ప్రాధాన్యం తగ్గుతుంది. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్ మామూలుగా 6, మెట్రో, మింట్ 7. వెరిజాన్ మీద నడిచే చవక ప్లాన్లు చాలావరకు 9. అర్ధరాత్రి స్పీడ్ టెస్ట్ పెడితే తేడా కనిపించదు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, స్టేడియంలో, పండగ రద్దీలో పెట్టండి, సిగ్నల్ నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోదు. కస్టమర్ దాన్ని "సిగ్నల్ లేదు" అంటాడు. సపోర్ట్ వాడు ఏపీఎన్ (ఫోన్‌లో ఇంటర్నెట్ సెట్టింగ్) మార్చమంటాడు, ఫోన్ రీస్టార్ట్ చేయమంటాడు. రెండూ దండగే, రద్దీకి ఏపీఎన్ మందు కాదు. ఆ తరగతిని నిర్ణయించేది హోస్ట్, అంటే టవర్లున్న కంపెనీ. అక్కడే సిమ్‌ట్రే గారి మాట నిలబడుతుంది.

చర్న్‌లెక్క:
హోస్ట్‌తో బేరమాడే దారి లేకపోలేదు. ట్రాక్‌ఫోన్ పెద్ద క్యారియర్లు ముగ్గురి నెట్‌వర్క్‌లూ వాడేది. 2020లో అమ్మకం ఒప్పందం కుదిరేనాటికి దానికి దాదాపు 2.1 కోట్ల మంది ఉంటే, 1.3 కోట్ల మంది వెరిజాన్ మీదే ఉన్నారు. ఆ టోకు రాబడి రేపు ఇంకొకరి దగ్గరికి పోకూడదనే ఆలోచన వెరిజాన్‌కి లేదంటారా?

కోర్‌నెట్:
కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ హోస్ట్ మార్చడమంటే ప్రతి లైనుకీ కొత్త సిమ్. ఫోన్ లాక్ అయి ఉండొచ్చు, కొత్త నెట్‌వర్క్ బ్యాండ్లు పట్టకపోవచ్చు, వోల్టీఈ (4జీ మీద కాల్) అనుమతి జాబితాలో ఆ మోడల్ లేకపోతే డేటా వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు. ఈసిమ్‌తో పోస్టేజీ తప్పుతుంది, ఫోన్ సమస్య తప్పదు. స్ప్రింట్ ప్రీపెయిడ్ బ్రాండ్‌గా ఉన్న బూస్ట్‌ని చూడండి. 2020 జులైలో శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ 140 కోట్ల డాలర్లకి కొంది, 90 లక్షలకు పైగా కస్టమర్లతో. 2022 మార్చి 31న టీ-మొబైల్ తనలో కలిసిన స్ప్రింట్ పాత సీడీఎంఏ (3జీ) నెట్‌వర్క్‌ని ఆపడం మొదలుపెట్టేసరికి పాత ఫోన్లున్నవాళ్లందరికీ కొత్త ఫోన్లు సర్దాల్సొచ్చింది. కస్టమర్లు తగ్గారు. సొంత 5జీ కట్టారు కూడా. చివరికి 2025 ఆగస్టులో స్పెక్ట్రమ్‌లో పెద్ద భాగం ఏటీ అండ్ టీకి అమ్మడానికి ఒప్పుకుని, దాని టవర్ల మీదే బూస్ట్‌ని నడుపుతామన్నారు. సొంత టవర్ అన్నిటికీ మందు అనేవాళ్లకి ఇదీ జవాబే.

పోర్ట్‌ఇన్:
మీరిద్దరూ ఏడాది తర్వాతి లెక్కలు వేస్తున్నారు. మనిషి జారిపోయేది మొదటి రోజే. పాత నంబరు తెచ్చుకోడానికి అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్, బిల్లు అడ్రస్ జిప్ కోడ్ కావాలి. జనం ఫోన్ నంబరునే అకౌంట్ నంబరుగా కొడతారు, పిన్ అడిగితే వాయిస్‌మెయిల్‌ది ఇస్తారు. నంబరు వేరే కంపెనీకి పోకుండా పెట్టిన లాక్ తీయడం మర్చిపోతారు. అన్నిటికన్నా ఘోరం, పోర్ట్ పూర్తికాకుండానే పాత లైను క్యాన్సిల్ చేయడం. నంబరు పోతే కంపెనీనే తిడతారు. ఈ నాలుగు తప్పులనూ ఫామ్‌లోనే పట్టుకోగలిగిన కంపెనీ ప్రకటనల ఖర్చు పెంచకుండానే పెరుగుతుంది.

సిమ్‌ట్రే:
ఒప్పుకుంటా, అది ముఖ్యమే. మరి మూడు నెలల డబ్బు ముందే కట్టించుకునే మింట్ పద్ధతి సంగతి? 15 డాలర్ల ప్లాన్‌కి 45 చేతికొస్తాయి, హోస్ట్ బిల్లు నెలనెలా వస్తుంది. ఆ మధ్య దొరికిన డబ్బుతోనే కొత్తవాళ్లని తెస్తారు. చేరేవాళ్లు తగ్గిన రోజు అసలు రంగు బయటపడుతుంది, ఎందుకంటే మొదటి నెల గడిచాక కూడా ఆ 45లో మూడింట రెండొంతులు ఇంకా ఇవ్వాల్సిన సేవ, లాభం కాదు.

చర్న్‌లెక్క:
ఆ భయం పడాల్సింది రెన్యూవల్ దగ్గర. మొదటి మూడు నెలల తర్వాత అదే రేటు కావాలంటే 12 నెలలకి కట్టాలి, మళ్లీ 3 నెలలకే కడితే రేటు పెరుగుతుంది. అక్కడ ఏడాదికి కట్టేవాళ్ల శాతం ఒక్కటి బయటపెడితే, కంపెనీ పెరుగుతోందో ఉబ్బుతోందో తెలిసిపోతుంది. ఇంకోటి, సబ్సిడీ లైన్లను విడిగా లెక్కపెట్టండి. ఇంటి ఇంటర్నెట్‌కైనా మొబైల్‌కైనా తక్కువ ఆదాయ కుటుంబాలకు మామూలుగా నెలకి 30 డాలర్ల దాకా ఇచ్చిన ప్రభుత్వ ఏసీపీ పథకం 2024 జూన్ 1న ఆగిపోయింది, అప్పటికి అందులో 2.3 కోట్ల కుటుంబాలున్నాయి. దాని మీద ఆధారపడి లైన్లు పెంచుకున్న కంపెనీల పాత ఎదుగుదలని మింట్ లెక్కల పక్కన పెట్టి పోల్చడం కుదరదు.