అప్‌డేట్: మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సోలార్ ఇన్వర్టర్ – లోపం దొరికింది

దేవరకొండలో మా ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ ఉంది. దాని ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఎండ బాగా ఉన్నప్పుడే ఆగిపోతోందని, రోజుకు 12 యూనిట్లు రావాల్సింది 7 కూడా రావట్లేదని అడిగాను కదా. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"పన్నెండు గంటలకు మీటర్ దగ్గర, ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ ఒకేసారి చూడండి" అని ఒక అన్న చెప్పిన మాటే పనికొచ్చింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాం. మీటర్ దగ్గర 242 వోల్టులు, ఇన్వర్టర్ దగ్గర 255! మా ఇన్వర్టర్ 253 దాటితే ఆగిపోతుంది. మేడ మీద వైర్లు కలిపే పెట్టె తెరిస్తే న్యూట్రల్ వైరు బిగించే స్క్రూ వదులుగా ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ నల్లగా మాడి కరిగిపోయింది. చూడగానే గుండె ఝల్లుమంది. ఇంకొన్నాళ్లు వదిలేస్తే మంటలే వచ్చేవేమో. పైగా 30 మీటర్ల దూరానికి సన్నటి 2.5 ఎంఎం వైరు వేశారు. ఈ రెండూ కరెంటుకు అడ్డుపడటంతో, దాన్ని బయటి లైన్లోకి పంపడానికి ఇన్వర్టర్ వోల్టేజీ పెంచుకోవాల్సి వస్తోందట.

6 ఎంఎం రాగి వైరు, కొత్త కనెక్టర్ వేయించాం. ఇప్పుడు మధ్యాహ్నం 245 దాటట్లేదు. పది రోజులుగా ఒక్కసారీ ఆగలేదు, 12 యూనిట్లకు తగ్గట్లేదు.

మిగతా సలహాల సంగతి: ప్యానెళ్లు కడిగితే పెద్దగా తేడా రాలేదు. వేపచెట్టు నీడ నాలుగు తర్వాతే పడుతుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. కొమ్మలు కొట్టించనందుకు అమ్మ సంతోషించింది. ఇన్వర్టర్ మార్చాలని ఒకరు చెప్పారు, అదీ అక్కర్లేకపోయింది.

ఆ పెట్టె మాత్రం మీరే తెరవకండి, తెలిసినవాళ్లతోనే చూపించండి.