రాడార్‌లో నల్లగా ఉంటే దారి ఉన్నట్టేనా?

కొత్త కోపైలట్:
సిమ్యులేటర్‌లో వాతావరణ రాడార్ తెర మీద రెండు ఎర్ర మచ్చల (అంటే జోరు వాన) మధ్య నల్లటి సందు కనిపించింది. అందులోంచి వెళ్దామంటే ఇన్‌స్ట్రక్టర్ గారు ఒప్పుకోలేదు. టిల్ట్, అంటే రాడార్ కిరణం పైకీ కిందికీ వంగే కోణం, చేత్తో దించి చూడమన్నారు. ఇప్పటి రాడార్లు అన్నీ ఆటోలోనే చూసుకుంటాయి కదా, ఇంకా నాబ్ తిప్పడం ఎందుకు?

ఎయిర్‌లైన్ పైలట్:
నాదీ ఆటో పక్షమే. దిగేటప్పుడు ఉన్న టెన్షన్ చాలు. టిల్ట్ కిందికి తిప్పి మర్చిపోయామంటే తెరంతా నేలే కనిపిస్తుంది.

రిటైర్డ్ కెప్టెన్:
మర్చిపోతే ప్రమాదమే, కాదనను. కానీ నలుపును దారి అనుకోవడం అంతకన్నా ప్రమాదం బాబూ. నలుపంటే అక్కడ వాన లేదని కాదు, అక్కడినుంచి సిగ్నల్ తిరిగి రాలేదని. మన రాడార్ తరంగం దాదాపు 3 సెంటీమీటర్లే. ముందున్న జడివాన దాన్ని మింగేస్తే వెనకున్నది తెర మీదికే రాదు. ఆటో కొంత సరిచేస్తుంది నిజమే, కానీ అసలు తిరిగి రానిదాన్ని ఏం సరిచేస్తుంది?

2002 జనవరి 16న ఇండోనేషియాలో గరుడ ఎయిర్‌లైన్ 421 విమానం పైలట్లు కూడా రెండు మేఘాల మధ్య సందు చూసుకునే అటు వెళ్లారు. వానా వడగళ్లూ మీదపడి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆ బోయింగ్ 737ను బెంగవాన్ సోలో నదిలో దించారు. క్యాబిన్ సిబ్బందిలో ఒకరు చనిపోయారు, మిగతావాళ్లంతా బతికారు. ఆ పైలట్లను తిట్టడానికి నాకు నోరు రాదు. రాడార్ చదవడం పద్ధతిగా నేర్పకపోతే ఎవరికైనా అదే గతి.

మీ ఇన్‌స్ట్రక్టర్ గారు చేయించబోయింది ఇదీ: టిల్ట్‌ను మెల్లగా దించండి. మచ్చకు అటూ ఇటూ నేల కనిపించి, మచ్చ వెనక మాత్రం నల్లగానే ఉండిపోయిందా? అది నీడ. అటు వెళ్లకండి. చూశాక వెంటనే ఆటోలో పెట్టేయండి. పది సెకన్ల పని.

కొత్త కోపైలట్:
సముద్రం మీద నేల ఎక్కడ కనిపిస్తుంది సార్?

రిటైర్డ్ కెప్టెన్:
మంచి ప్రశ్న. నీళ్లు నిశ్చలంగా ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు దూరమే దిక్కు. తీవ్రమైన మేఘానికి 20 నాటికల్ మైళ్లు ఎడం ఉండాలంటారు. అంటే రెండింటి మధ్య 40 లేకపోతే ఆ సందు మనది కాదు, చుట్టూ తిరిగి వెళ్లడమే.

ఎయిర్‌లైన్ పైలట్:
నేల మీదైతే ఆ పది సెకన్లకు నాకూ అభ్యంతరం లేదు. కానీ 15 మైళ్ల ముందు కాదు, 80 మైళ్లు ఉండగానే చేయాలి.