శంకర్‌పల్లికి మారిపోవచ్చా? అక్కడ ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి

ఇప్పుడు హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటున్నాం, డబుల్ బెడ్‌రూమ్‌కి అద్దె 28 వేలు, ఎండాకాలం వస్తే ట్యాంకర్ డబ్బులు వేరే. నా ఆఫీసు గచ్చిబౌలి, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. మా ఆవిడేమో శంకర్‌పల్లిలో ఇల్లు చూద్దామంటోంది, వాకిట్లో ముగ్గేసుకునే జాగా అయినా ఉంటుందని ఆమె ఆశ. నాకు రోడ్డు టెన్షన్. ఎంఎంటీఎస్ లోకల్ రైలు శంకర్‌పల్లి దాకా రాదు, అక్కడికి వికారాబాద్ వైపు వెళ్ళే రైళ్ళే దిక్కు, అంటే మోకిల, కోకాపేట మీదుగా బండి మీదే రావాలన్నమాట. వానాకాలంలో పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే నిజంగా ఎంతసేపు పడుతోంది? అమ్మకి బీపీ, షుగర్ ఉన్నాయి, రాత్రిపూట అర్జెంటైతే అక్కడ డాక్టర్ దొరుకుతారా, సిటీకే పరుగెత్తాలా? బోరు నీళ్ళ సంగతేంటి? బ్రోకర్లు మాత్రం దయచేసి మెసేజ్‌లు పెట్టకండి.